సిపాయి ఫైలుకి పాతికేళ్లే ఆయుష్షు

ఏటా డిసెంబరు 7న శ్రీకాకుళం కలెక్టరేట్‌లోనూ విజయనగరం కలెక్టరేట్‌లోనూ ఒకే దృశ్యం. ఆ రోజు సాయుధ దళాల పతాక దినం. జిల్లా సైనిక సంక్షేమ అధికారి వచ్చి కలెక్టరుగారి చొక్కాకి చిన్న జెండా తగిలిస్తారు. హుండీలో తొలి విరాళం పడుతుంది. నలుగురైదుగురు మాజీ సైనికులు ఛాతీ నిండా పతకాలు పెట్టుకుని ఫొటోకి నిలబడతారు. మర్నాడు ఆ ఫొటో జిల్లా పేజీలో వస్తుంది.

ఆ ఫొటోలో కనిపించని వాళ్ల గురించి ఈ వ్యాసం. వాళ్లు మిగతా రోజుల్లో అదే అధికారి ఆఫీసుకి ప్లాస్టిక్ కవరు పట్టుకుని వస్తారు. కవర్లో డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఉత్తర్వు, ఆధార్ కార్డు. మూడింటిలో మూడు పేర్లు. ఒకదానిలో ఉన్న పుట్టిన తేదీ మరోదానిలో ఉండదు. భార్య పేరు కొన్నిచోట్ల తప్పు, కొన్నిచోట్ల అసలు లేదు. మరి పతకాలేవీ అంటే, ‘రాలేదు బాబూ’ అన్న జవాబే. ఆఫీసు వాళ్లు దాన్ని వ్యక్తిగత అర్జీగా తీసుకుంటారు, వ్యక్తిగత అర్జీగానే పై ఊరికి పంపుతారు. గుమస్తా తప్పు రాశాడు, ముసలాయన అప్పట్లో చూసుకోలేదు, అంతే కథ అనుకుంటారు.

మేం అలా అనుకోవడం లేదు. తప్పు అందరి కాగితాల్లోనూ దొర్లుతుంది. కానీ అది ఎవరి కాగితాల్లో దిద్దుబాటుకి నోచుకుంటుంది, ఎవరి కాగితాల్లో చచ్చేదాకా మిగిలిపోతుంది అన్నదానికి కులంతో సంబంధం ఉంది. ఆ సంబంధం ఎక్కడెక్కడ ముడిపడిందో విప్పి చూడాలి.

మొదట పేరు సంగతి. ఒక ఉదాహరణ అనుకుందాం. 1960లలో పాలకొండ వైపు ఒక మాలపేట నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాడు సైన్యంలో చేరాడు. ఊళ్లో బుగతల నోట్లో అతను ‘అప్పడు’. బడిలో మాస్టారు రాసిందీ అదే. సిపాయిగా చేర్చుకునే చోట ఉత్తరాది గుమస్తా ఆ పేరు విని, తనకు వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఇంటిపేరు ఏదో, అసలు పేరు ఏదో అతనికి తెలియదు. కుర్రాడికి ఇంగ్లీషు చదవడం రాదు. పుట్టిన తేదీ లేకపోతే డాక్టరు చూసి ఒక వయసు వేశాడు. సంతకం చోట వేలిముద్ర. తర్వాత పిల్లలు చదువుకున్నారు. తండ్రిని ‘డు’ అని రాయడానికి వాళ్లకు మనసొప్పలేదు. రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో, ఆధార్‌లో అప్పారావు అని రాయించారు. ఆత్మగౌరవం కోసం మార్చుకున్న ఆ రెండక్షరాలు ఈనాడు పెన్షన్ కంప్యూటరు దృష్టిలో ‘ఇద్దరు వేర్వేరు మనుషులు’.

పై కులాల ఇళ్లలో పేరు చివర నాయుడు, రాజు, శర్మ పుట్టుకతోనే వస్తాయి. వాటిని తర్వాత మార్చుకోవలసిన పని పడదు. పేరు మార్చుకోక తప్పని పరిస్థితి మన పేటల్లోదే. బొబ్బిలి, పాలకొండ, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ దశాబ్దాల పాటు పనిచేసింది. అందువల్ల చాలా కుటుంబాల్లో చర్చిలో ఒక పేరు, సర్కారు కాగితంలో ఒక పేరు ఉంటాయి. అలా రెండు పేర్లతో ఎందుకు బతకవలసి వచ్చిందో, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తెలిసిన మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

పేరు తర్వాత ఊరు. ఇది ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా పట్టిన చిక్కు. 1950 ఆగస్టు 15కి ముందు శ్రీకాకుళం జిల్లాయే లేదు, అంతా విశాఖపట్నం జిల్లా. 1953 అక్టోబరు దాకా రాష్ట్రం పేరు మద్రాసు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి శ్రీకాకుళం నుంచి అటు వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న మళ్లీ మార్పు. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. పార్వతీపురంలో పుట్టి 1948లో సైన్యంలో చేరిన మనిషి తన ఇల్లు కదలకుండానే నాలుగు జిల్లాలు, మూడు రాష్ట్రాల పేర్లు చూశాడు. డిశ్చార్జి బుక్కులో ఉన్న జిల్లాకి, ఆధార్‌లో ఉన్న జిల్లాకి పొంతన లేదంటూ దరఖాస్తు వెనక్కి వస్తే తప్పెవరిది? జిల్లాల్ని మార్చినవాళ్లే ఒక పట్టిక తయారుచేసి రికార్డు ఆఫీసులకి పంపితే ఒక మధ్యాహ్నంలో తేలే పని. దానికి బదులు ప్రతి ముసలి సిపాయీ తహసీల్దారు దగ్గరికి వెళ్లి ‘ఆ ఊరూ ఈ ఊరూ ఒకటే’ అని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

తెచ్చుకుని పంపాల్సిన చోటు కూడా దగ్గర కాదు. సైన్యంలో ఏ రెజిమెంటుకి, ఏ కోర్‌కి ఆ రికార్డు ఆఫీసు వేరు. మద్రాస్ రెజిమెంటుకి నీలగిరుల్లో వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మహార్ రెజిమెంటుకి సాగర్, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కి కన్నూర్. ఈఎంఈ వాళ్లు కాస్త అదృష్టవంతులు, వాళ్లది సికింద్రాబాద్. పెన్షన్ లెక్క మాత్రం అందరికీ అలహాబాద్‌లో. పేరు మార్పుకి మెజిస్ట్రేటు ఎదుట అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, జాయింట్ ఫొటో, బ్యాంకు ధ్రువీకరణ అడుగుతారు. రికార్డు ఆఫీసు ఒప్పుకుంటే ‘పార్ట్ టూ ఆర్డర్’ వేస్తుంది, అప్పుడు అలహాబాద్ పెన్షన్ ఉత్తర్వుకి సవరణ ఇస్తుంది. ఈ గొలుసులో ఒక్క లింకు దగ్గర ఆగినా మొత్తం ఆగుతుంది. ఇప్పుడిదంతా ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారింది. 2022 మేలో ఆ వ్యవస్థలో గుర్తింపు పూర్తికాలేదన్న కారణంతో దాదాపు 58 వేల మంది పెన్షన్ ఒకేసారి ఆగింది. గొడవ అయ్యాక రక్షణ శాఖ గడువు పెంచి ఇచ్చింది. ఆ నెల ఎవరి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో లెక్క ఏ పోర్టల్‌లోనూ ఉండదు.

ఇదంతా పెన్షన్ ఉన్నవాళ్ల కష్టం. పెన్షన్ లేనివాళ్లది ఇంకా లోతైనది. అసలు విషయం ఇక్కడ ఉంది.

సిపాయికి సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు కావాలి. అంతకు తక్కువ చేసి బయటికి వచ్చినవాళ్లు ‘నాన్ పెన్షనర్’. సైన్యపు నిబంధనల ప్రకారం నాన్ పెన్షనర్ సర్వీసు కాగితాల్ని డిశ్చార్జి అయిన 25 ఏళ్ల దాకా ఉంచి, తర్వాత నాశనం చేస్తారు. ట్రిబ్యునల్ తీర్పుల్లో పదే పదే కనిపించే వాక్యం ఇది: నిల్వ గడువు ముగిసినందున అర్జీదారు పత్రాలు ధ్వంసం చేయబడ్డాయి. అంటే 1970లో బయటికి వచ్చిన మనిషి ఫైలుకి 1995లో ఆయుష్షు తీరింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చేసరికి అడగడానికి ఫైలే లేదు.

మరి నాన్ పెన్షనర్లు ఎవరు? ఇక్కడ చరిత్ర చూడాలి. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో మాలలు, పరైయర్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఉత్తర సర్కారుల నుంచి వెళ్లిన సిపాయిలు ఆ సైన్యానికి కొత్తవాళ్లు కాదు. 19వ శతాబ్ది చివర్లో ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం వచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా, తర్వాత భారత సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది మనిషి పోరుకి పనికిరాడని తేల్చాడు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా తగ్గాయి, కొన్నింటిని పంజాబీలతో నింపారు. 1928 నాటికి మద్రాస్ రెజిమెంటే రద్దయింది. మహార్ల సంగతీ అంతే. 1890లలో వాళ్ల చేరికలు ఆపేశారు, మొదటి ప్రపంచ యుద్ధం ముదిరాక 1917లో 111వ మహార్ పటాలం పెట్టారు, యుద్ధం ముగిశాక 1921లో తీసేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చి 1941లో మళ్లీ మహార్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు, దక్షిణాదిన మళ్లీ మద్రాస్ రెజిమెంటు. చమార్ రెజిమెంటు కోహిమా వైపు పోరాడింది. 1946లో రద్దయింది.

యుద్ధం వస్తే పిలుపు, యుద్ధం ముగిస్తే డిశ్చార్జి. ఇలా పిలిచి పంపేసిన వాళ్లకి 15 ఏళ్ల సర్వీసు ఎలా నిండుతుంది? వాళ్లు నాన్ పెన్షనర్లు కావడం వాళ్ల ఎంపిక కాదు. ఆ వర్గంలో పడ్డాక 25 ఏళ్ల నిబంధన అందరికీ సమానంగానే వర్తిస్తుంది. సమానమైన ఆ నిబంధన ఎవరి చరిత్రను ఎక్కువగా కాల్చిందో చూస్తే మాత్రం సమానత్వం కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పెన్షన్ లేకుండా వచ్చినవాళ్లకి, వాళ్ల వితంతువులకి రాష్ట్ర ప్రభుత్వం సైనిక సంక్షేమ శాఖ ద్వారా నెలనెలా కొంత సాయం ఇస్తుంది. దానికి రుజువేమిటి? డిశ్చార్జి బుక్కు. ఆ పుస్తకం ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ రెండు జిల్లాల మీదుగా పోయాయి. పెంకుటిళ్లు, తాటాకిళ్లు ఎవరివి ఎక్కువగా లేచిపోయాయో అందరం చూశాం. సర్కారు తన కాపీని నిబంధన ప్రకారం తగలబెట్టింది, ఇంటి కాపీని తుపాను పట్టుకుపోయింది. తర్వాత సర్కారే అడుగుతుంది, రుజువేదీ అని.

సైన్యంలో ఉన్నవాళ్లంతా తుపాకి పట్టినవాళ్లు కాదు. వంటవాళ్లు, చాకళ్లు, మంగళ్లు, పారిశుధ్య పనివాళ్లు ఉండేవారు. వాళ్ల వర్గం పేరు ‘నాన్ కాంబాటెంట్ (ఎన్‌రోల్డ్)’. ఊళ్లో కులం చేయించిన పనినే సైన్యం యూనిఫాం వేసి చేయించుకుంది. సిపాయికి 15 ఏళ్లకే పెన్షన్ ఇచ్చిన నిబంధనలు ఈ వర్గానికి 20 ఏళ్లు పెట్టాయి. ఐదేళ్లు అదనం. 17 ఏళ్లు మిలట్రీ పాయిఖానాలు కడిగి వచ్చిన మనిషి నాన్ పెన్షనర్, అతని ఫైలుకీ పాతికేళ్లే.

పతకాల కథ కూడా ఈ గీత వెంటే నడిచింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో 19వ శతాబ్ది చివరి దండయాత్రలకు ఇచ్చిన పతకాలు సిపాయికి వెండివి, వెనక నడిచిన ‘ఫాలోయర్’కి కంచువి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక కూడా అంతే, లేబర్ కోర్ వాళ్లకి బ్రిటిష్ వార్ మెడల్ కంచుతో పోశారు. ఒకే యుద్ధం, ఒకే బొమ్మ, లోహం వేరు. ఇంత నిజాయితీగా కులాన్ని, జాతిని పోతపోసిన వస్తువు మరొకటి దొరకదేమో.

స్వతంత్రం తర్వాత లోహం ఒక్కటే అయింది. అయితే పతకం చేతికి వచ్చే దారి మారలేదు. ఇక్కడ రెండు రకాల్ని కలిపేయకూడదు. వీరచక్ర, మహావీరచక్ర లాంటివి శౌర్య పతకాలు; పై అధికారి సిఫార్సు చేయాలి, గెజిట్‌లో రావాలి. వాటిలో దశాబ్దాల తర్వాత కొత్తగా సిఫార్సు చేయించుకోవడం దాదాపు అసాధ్యం. రెండో రకం సర్వీసు పతకాలు. ఇవి ఎవరి దయా కాదు. ఫలానా తేదీన, ఫలానా చోట సర్వీసులో ఉంటే హక్కుగా రావాలి. యూనిట్ గుమస్తా నామినల్ రోల్ తయారుచేసి క్లెయిం పంపాలి, పార్ట్ టూ ఆర్డర్ పడాలి. మనవాళ్లకి ‘రాలేదు’ అనేవి ఎక్కువగా ఈ రకమే. ఆ రోల్ తయారయ్యే నాటికి బదిలీ అయినవాడు, ఆసుపత్రిలో ఉన్నవాడు, డిశ్చార్జి అయి ఊరికి వచ్చేసినవాడు జారిపోతాడు. తర్వాత ఉత్తరం రాసి అడగగలిగినవాడు తెచ్చుకున్నాడు. పైగా పతకాల తయారీకే ఏళ్ల తరబడి కొరత ఉండేది. సర్వీసులో ఉన్నవాళ్లే బజారులో నకళ్లు కొనుక్కుని పెట్టుకున్న రోజులున్నాయి.

అందుకే పేటల్లో పనిచేసే కార్యకర్తలు ముసలివాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు తేదీలు అడగాలి. 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 లోపు సర్వీసులో ఉన్నారా? ఉంటే సంగ్రామ్ మెడల్ రావాలి. తూర్పు యుద్ధ రంగంలో ఉంటే పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఉంటే పశ్చిమీ స్టార్. 1972 ఆగస్టు 15న యూనిఫాంలో ఉంటే స్వాతంత్ర్య పాతికేళ్ల పతకం, 1997 ఆగస్టు 15న ఉంటే యాభయ్యేళ్ల పతకం. 1965 యుద్ధ కాలానికి రక్షా మెడల్, యుద్ధ ప్రాంతంలో ఉంటే సమర్ సేవా స్టార్. కార్గిల్‌కి ఆపరేషన్ విజయ్ స్టార్ ఒకటి, మెడల్ ఒకటి. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్ల సర్వీసుకి వేర్వేరు పతకాలు. డిశ్చార్జి బుక్కులో పతకాల పేజీ తీసి ఈ తేదీలతో పోల్చి చూస్తే ఏది లేదో పది నిమిషాల్లో తెలుస్తుంది.

‘ఇనప ముక్క కోసం ఇంత గొడవెందుకు, ముందు పెన్షన్ చూడండి’ అని మన మిత్రులే అంటుంటారు. రెండూ వేర్వేరు కావు. స్వతంత్ర భారత పతకాల అంచు మీద సిపాయి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఫైలు పోయినా, పుస్తకం తడిసినా, ఆ అంచు మీది నంబరు మిగులుతుంది. పూర్వీ స్టార్ ఉందంటే ఆ మనిషి 1971లో తూర్పు రంగంలో ఉన్నట్టు. అక్కడ గాయం తగిలిందనీ, చెవి దెబ్బతిన్నదనీ వైకల్య పెన్షన్ అడిగేటప్పుడు అదే సాక్ష్యం. పతకం రాలేదంటే, అతను అక్కడ ఉన్నాడన్న వాక్యమే ఎక్కడో రాయకుండా వదిలేశారన్న అనుమానం మొదలవ్వాలి.

సర్వీసు రుజువు లేకపోతే పోయేది పెన్షన్ ఒక్కటే కాదు. కేంద్ర ఉద్యోగాల్లో మాజీ సైనికులకి గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, పాత గ్రూప్ డి పోస్టుల్లో 20 శాతం కోటా ఉంది. భూమి సంగతి అంతకంటే ముఖ్యం. మన రాష్ట్రంలో భూమి లేని దళితుడికి ఇచ్చిన అసైన్డ్ పట్టా 1977 చట్టం కింద అమ్మడానికి వీల్లేనిది. 20 ఏళ్లు దాటితే హక్కు ఇస్తామన్న సవరణ 2023లో గాని రాలేదు. మాజీ సైనికుడి కోటాలో ఇచ్చిన భూమిని మాత్రం పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. ఒకే పేటలో ఒకే దళితుడు ‘సిపాయి’గా నమోదైతే ఒక రకం హక్కు, ‘నిరుపేద’గా నమోదైతే మరో రకం. ఈ ప్రాంతంలో భూమి మీద కాగితం ఎంత ప్రాణాంతకమో గుర్తుచేయనవసరం లేదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస జలాశయం భూముల మీదే ఐదుగురు దళితుల్ని చంపారు. సాగు ఎవరిదో ఊరందరికీ తెలుసు, కాగితంలో మాత్రం లేదు.

ఆలస్యానికి చెల్లించే మూల్యం కూడా అర్జీదారుదే. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయ కాదు, హక్కు అని గట్టిగా చెప్పింది. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో, పెన్షన్ ఇవ్వకపోవడం నెలనెలా కొనసాగే తప్పు కాబట్టి ఆలస్యంగా వచ్చినా వినాలి అంది. అక్కడిదాకా మంచిదే. కానీ బకాయి మాత్రం కోర్టుకి రావడానికి ముందు మూడేళ్లకే అని గీత గీసింది. 1983లో సైన్యం నుంచి అనారోగ్యంతో బయటికి పంపిన ఆ సిపాయి 1999లో కోర్టుకెక్కాడు. మధ్యలో ఎక్కువ ఏళ్ల సొమ్ము పోయినట్టే. ఆలస్యం ఎందుకైందో ఆ లెక్కలో రాదు. లాయరు ఫీజు లేక ఆలస్యమైందా, రికార్డు ఆఫీసు జవాబివ్వక ఆలస్యమైందా, అన్నీ ఒకటే. న్యాయస్థానం పట్ల గౌరవంతోనే ఇది అన్యాయం అంటున్నాం.

రికార్డు తప్పని తేలి, దిద్దిన సందర్భాలు లేవా? ఉన్నాయి. కార్గిల్ యుద్ధంలో 70వ బ్రిగేడ్‌ని నడిపిన బ్రిగేడియర్ దేవీందర్ సింగ్‌కి యుద్ధ పతకం రాలేదు, యుద్ధేతరమైన విశిష్ట సేవా పతకంతో సరిపెట్టారు. పై అధికారి రాసిన నివేదికలో పక్షపాతం ఉందంటూ ఆయన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లారు. 2010 మేలో ట్రిబ్యునల్ ఆయన వాదన ఒప్పుకుని నివేదికను సరిచేయమంది. ఆ పోరాటం న్యాయమైందే. ఒక్క సంగతి గమనించాలి: ఆయన బ్రిగేడియర్. తన కాగితాలు తన దగ్గరున్నాయి, ఢిల్లీలో తనకోసం మాట్లాడేవాళ్లున్నారు. మన పేట సిపాయి మీద ఎవరూ నివేదికే రాయలేదు, ఇక పక్షపాతం ఎక్కడ వెతకాలి?

ఈ ప్రశ్నకి అమెరికాలో నల్లవాళ్లు ఒక దారి చూపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా నల్ల సైనికులు పనిచేస్తే, ఆ దేశపు అత్యున్నత శౌర్య పతకం ఒక్కరికీ రాలేదు. ఎవరి అర్జీ కోసమూ ఎదురుచూడకుండా 1993లో ఆ దేశ సైన్యమే షా యూనివర్సిటీకి, అది నల్లజాతి విద్యాసంస్థ, పరిశోధన అప్పగించింది. ఫైళ్లు వెతికారు, ఎక్కడ తొక్కిపెట్టారో తేల్చారు. 1997 జనవరి 13న ఏడుగురికి పతకం ఇచ్చారు. అప్పటికి బతికున్నది వెర్నన్ బేకర్ ఒక్కడే. యాభై ఏళ్లు ఆలస్యమే. అయినా రుజువు చూపే బాధ్యతని బాధితుడి నెత్తిన పెట్టలేదు. 2021 ఏప్రిల్‌లో కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ కూడా తన తప్పు తానే వెతుక్కుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా మనుషులు కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరించుకోబడలేదని ఒప్పుకుంది.

మన దగ్గర? 2017లో జాతీయ ఎస్సీ కమిషన్ చమార్ రెజిమెంటును ఎందుకు రద్దు చేశారని రక్షణ శాఖని అడిగింది. ప్రశ్న మంచిది. రెజిమెంటు తిరిగి కావాలన్న డిమాండు ఉత్తరాదిలో ఇంకా సాగుతోంది. మేం దాన్ని వ్యతిరేకించం గానీ, మన జిల్లాల నుంచి చూస్తే అడగాల్సింది ఇంకోటి. కులం పేరుతో పటాలం ఉంటే అందులోనైనా చరిత్ర మిగులుతుంది. తెలుగువాడైన జనరల్ కె.వి. కృష్ణారావు 1942లో మహార్ రెజిమెంటులో అధికారిగా చేరి, 1981లో సైన్యాధిపతి అయ్యాడు. ఆ రెజిమెంటు చరిత్రలో ఆయన పేరూ, మహార్ల పేర్లూ ఉన్నాయి. మన మాల, మాదిగ, రెల్లి సిపాయిలకి అలాంటి పటాలం లేదు. మద్రాస్ రెజిమెంటులో ‘దక్షిణ భారత వర్గాలు’ అన్న ఒక్క మాటలో కలిసిపోయారు. సప్లై, ఇంజినీరింగ్, పయనీర్ కోర్‌లలో చెల్లాచెదురయ్యారు. సైన్యంలో కులాల వారీ లెక్కలు ప్రభుత్వం ప్రచురించదు. కులం చూడం అంటుంది. 2022 జులైలో అగ్నిపథ్ దరఖాస్తుల్లో కుల ధ్రువపత్రం ఎందుకని గొడవ జరిగితే, అది ఎప్పట్నుంచో అడుగుతున్నదే అని సైన్యం జవాబిచ్చింది. అంటే కులం రాసుకుంటారు, చూడరు, లెక్క చెప్పరు.

చేయగలిగింది ఉంది. 25 ఏళ్లకి ఫైలు ధ్వంసమైనా ‘లాంగ్ రోల్’ అనే రిజిస్టరు శాశ్వతంగా ఉంటుంది. నంబరు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, కారణం లాంటి ముఖ్య వివరాలు అందులో ఉంటాయి. ‘మీ పత్రాలు లేవు’ అన్న జవాబు వచ్చిన ప్రతి కుటుంబం తరపునా ఆ రికార్డు ఆఫీసు ప్రజా సమాచార అధికారికి పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో లాంగ్ రోల్ నకలు అడగాలి. తెల్ల కార్డు కుటుంబమైతే, ఆ రుజువు జతచేస్తే ఆ పదీ అక్కర్లేదు. సిపాయి నంబరు తెలియకపోతే పాత ఉత్తరాలు, పతకం అంచు, మనియార్డరు రసీదు, యూనిట్‌లో తీసిన గ్రూపు ఫొటో వెనక రాత చూడాలి. నంబరు దొరికితే సగం పని అయినట్టే. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. రికార్డు ఆఫీసు రాతపూర్వకంగా కాదంటే, ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్ వాళ్లకి అది చెన్నై బెంచ్. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకి వెళ్లే దారి 2015లో దాదాపు మూసుకుపోయింది. 2023 మార్చిలో పర్షోత్తం దాస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ తెరిచింది. ఇచ్ఛాపురం మనిషికి చెన్నై, అమరావతి రెండూ దూరమే, కానీ తలుపు ఉందని తెలియడం వేరు.

ఒక్కొక్కరుగా ఇదంతా చేస్తే మరో తరం పడుతుంది. అందుకే డిమాండు సర్కారు మీదికి తిప్పాలి. ఈ రెండు జిల్లాల నుంచి, పార్వతీపురం మన్యం నుంచి సైన్యంలో చేరినవాళ్ల లాంగ్ రోల్ వివరాల్ని రికార్డు ఆఫీసులే తీసి సైనిక సంక్షేమ కార్యాలయాలకి పంపాలి. సంక్షేమ అధికారి కలెక్టరేట్‌లో కూర్చోకుండా గ్రామ సచివాలయాలకి, ముఖ్యంగా ఎస్సీ పేటలకి ఆ జాబితాతో రావాలి. పేరు తేడాలకి పత్రికా ప్రకటన ఖర్చు సిపాయి మీద వేయకూడదు. పంచాయతీ కార్యదర్శి, ఇద్దరు సాక్షులు చెబితే చాలదా? రావలసి రాని పతకాల్ని తేదీల ఆధారంగా రికార్డు ఆఫీసే లెక్కగట్టి పంపాలి. ఆంధ్రా యూనివర్సిటీలో, శ్రీకాకుళంలోని అంబేడ్కర్ యూనివర్సిటీలో చదివే మన విద్యార్థులు దీన్ని పరిశోధనాంశంగా తీసుకోవాలి. షా యూనివర్సిటీ చేసిన పని మనకు ఎవరూ అప్పగించరు, మనమే మొదలుపెట్టాలి.

తొందర ఎందుకంటే, ఇదే కథ కొత్త పేరుతో మళ్లీ మొదలవుతోంది. 2022 డిసెంబరు, 2023 జనవరి మధ్య చేరిన తొలి అగ్నివీరులకి 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. వాళ్లలో 25 శాతం వరకే సైన్యంలో ఉంచుకుంటారు. మిగతావాళ్లకి పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకి ఇంటికి వచ్చే ఆ కుర్రాళ్లంతా నాన్ పెన్షనర్లే. నిల్వ నిబంధన ఇప్పుడున్నట్టే ఉంటే, వాళ్లకి యాభై ఏళ్లు రాకముందే వాళ్ల ఫైళ్ల గడువు తీరిపోతుంది. పేటలోకి తిరిగొచ్చే ప్రతి కుర్రాడి చేతా మొదటి వారంలోనే డిశ్చార్జి కాగితాలు, పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు, పతకాల పేజీ స్కాన్ చేయించండి. ఆధార్‌లో పేరు, సైన్యంలో పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే దిద్దించడానికి అతనికి ఇంకా వయసుంది, తండ్రికి లేకుండా పోయింది.